కాగితం మీద గళ్ళు గీస్తూ: టెక్నికల్ ఇంటర్వ్యూల్లో సి పజిల్స్, అల్గారిథమ్ ప్రశ్నలు సాల్వ్ చేయడం ఎలా

విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్ మీద నా మొదటి టెక్నికల్ ఇంటర్వ్యూ. మొదటి ప్రశ్న ఇది: సి ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లో ఐదు ఇంట్‌లు (పూర్ణసంఖ్యలు) వరుసగా ఉన్న అరే ఒకటి ఉంది, దాన్ని ఒక ఫంక్షన్‌కి పంపారు, ఫంక్షన్ లోపల ఆ అరే మీద సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) వేసి ప్రింట్ చేస్తే ఎంత వస్తుంది? ఆలోచించకుండా 20 అనేశాను. ఒక్కో ఇంట్ 4 బైట్లు, ఐదు నాలుగులు ఇరవై. "ఎందుకు?" అని అడిగారు. నోట్సులో అలా ఉంది, అంతే. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. జవాబు తప్పయినందుకు కాదు, ఆ "ఎందుకు" దగ్గర నోరు పెగలనందుకే చాలా రోజులు బాధపడ్డాను.

ఆ తర్వాత ఎంతోమంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంటర్వ్యూలకి తయారవుతూ నా దగ్గరికి వచ్చారు. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇవన్నీ బట్టీ పట్టేస్తే సరిపోద్దా అన్నా?" సరిపోదు. వెయ్యి పజిల్స్ బట్టీ పట్టినా, అక్కడ అడిగేది వెయ్యిన్నొకటోది. సి పజిల్ అయినా, అల్గారిథమ్ అయినా, మెమరీలో ఏం జరుగుతుందో కాగితం మీద గళ్ళు గీసి చూపించగలిగితే జవాబు దానంతటదే బయటికి వస్తుంది. "ఎందుకు" అన్నదానికి కూడా అదే సమాధానం. ఈ వ్యాసమంతా ఆ అలవాటు ఎలా చేసుకోవాలనే.

మొదటి మెట్టు: గళ్ళు, చిరునామాలు

పాయింటర్ అంటే భయపడేవాళ్ళకి నేను ఎంవీపీ కాలనీ ఉదాహరణ చెబుతాను. వేరియబుల్ ఒక ఇల్లు. పాయింటర్ ఆ ఇంటి చిరునామా రాసిన చీటీ. చీటీ చింపేసినా ఇల్లు అక్కడే ఉంటుంది. చీటీలో వేరే చిరునామా రాస్తే ఇల్లు కదలదు, మీరు వెళ్ళే చోటు మారుతుంది. అరే అంటే ఒకే వరుసలో ఆనుకుని కట్టిన ఇళ్ళు.

ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్నకి రండి. సి భాషలో అరేని ఫంక్షన్‌కి పంపితే ఇళ్ళ వరుస వెళ్ళదు, మొదటి ఇంటి చిరునామా రాసిన చీటీ మాత్రమే వెళుతుంది. ఆ చీటీ చూసి వరుసలో ఎన్ని ఇళ్ళున్నాయో చెప్పలేం కదా. సైజాఫ్ కూడా ఆ చీటీ సైజునే చెబుతుంది: 64 బిట్ మెషీన్‌లో 8 బైట్లు, 32 బిట్ మెషీన్‌లో 4. అందుకే సి ఫంక్షన్‌కి అరేతో పాటు దాని లెంగ్త్ కూడా విడిగా పంపుతాం. మెయిన్‌లోనే సైజాఫ్ వేసి ఉంటే 20 సరైన జవాబే, ఎందుకంటే అక్కడ కంపైలర్‌కి వరుస మొత్తం కనిపిస్తుంది.

ఈ వ్యాసం పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. ఐదు గళ్ళు గీసి వాటిలో 7, 12, 30, 4, 9 రాయండి. కింద చిరునామాలు: 1000, 1004, 1008, 1012, 1016. ఇంట్ 4 బైట్లు కాబట్టి నాలుగేసి చొప్పున పెరిగాయి. పక్కన పి అనే చిన్న గడి గీసి అందులో 1000 రాయండి. *పి అంటే పి లోని చిరునామాకి వెళితే అక్కడ దొరికే విలువ, ++ అంటే ఒకటి పెంచడం. ఇప్పుడు ఒక్కొక్కటీ చేతితో చేయండి. ప్రతిసారీ పి మళ్ళీ 1000 దగ్గర, మొదటి గడిలో 7 ఉన్నట్టే మొదలుపెట్టాలి.

పి + 1 అంటే 1001 కాదు, 1004. పక్క బైట్‌కి కాదు, పక్క ఇంటికి వెళుతుంది.
*పి + 1 అంటే 7 కి 1 కలిపి 8.
*(పి + 1) అంటే పక్క ఇంట్లో ఉన్న 12.
*పి++ విలువ 7. ఆ తర్వాత పి లో 1004 ఉంటుంది, గడిలోని 7 మారదు.
(*పి)++ విలువ కూడా 7. కానీ ఈసారి పి కదలదు, గడిలోని 7 కాస్తా 8 అవుతుంది.

చివరి రెండింటికీ తేడా చెప్పగలిగితే సగం పాయింటర్ పజిల్స్ మీవే. ఇంకొక్కటి: అరే పేరుకి 1 కలిపితే 1004, అదే &అరే కి 1 కలిపితే 1020. మొదటిది ఒక ఇల్లు దాటింది, రెండోది (ముందు & పెడితే వరుస మొత్తానికి చిరునామా) వరుస మొత్తం దాటింది.

రెండో మెట్టు: పజిల్‌లో ఉచ్చు ఎక్కడుందో గుర్తుపట్టడం

జవాబు చెప్పే ముందు "ఇంట్ 4 బైట్లు అనుకోవచ్చా సార్?" అని అడగండి. ఇది టైమ్ పాస్ ప్రశ్న కాదు. కాలేజీల్లో చేతులు మారే పాత నోట్సుల్లో చాలా జవాబులు టర్బో సి అనే పాత కంపైలర్ కాలం నాటివి. అందులో ఇంట్ 2 బైట్లు, గరిష్ఠ విలువ 32767. ఇప్పుడు వాడే జీసీసీ కంపైలర్‌లో ఇంట్ 4 బైట్లు, గరిష్ఠం 2147483647. అదే ప్రోగ్రామ్‌కి జవాబు మారిపోతుంది.

బాగా అడిగేది ఐ విలువ 5 అయితే ఐ++ + ++ఐ ఎంత అని. నోట్సులో 12 అని ఉంటుంది. అసలు జవాబు: "ఇది అన్‌డిఫైన్డ్ బిహేవియర్." ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఒకే వేరియబుల్ రెండుసార్లు మారుతోంది, వాటిలో ఏది ముందో సి స్టాండర్డ్ చెప్పలేదు. కంపైలర్ ఏం చేసినా తప్పు కాదు. మీ లాప్‌టాప్‌లో 12 వచ్చినంత మాత్రాన అది జవాబు అయిపోదు. ఈ మాట ధైర్యంగా అనండి, కారణం కూడా చెప్పండి. తెలిసిన ఇంటర్వ్యూయర్ సంతోషిస్తాడు. "లేదు, ఒక విలువ చెప్పు" అని పట్టుబడితే, ఎడమ నుంచి కుడికి చేసే కంపైలర్ అయితే 5 + 7 = 12 అని చెప్పి, అది ఆ కంపైలర్ ఇష్టమేనని గుర్తుచేయండి.

సైన్డ్ (మైనస్ విలువలూ పట్టేది), అన్‌సైన్డ్ (మైనస్ లేనిది) కలిసిన చోట ఇంకో ఉచ్చు ఉంటుంది. సైజాఫ్(ఇంట్) > -1 అన్న కండిషన్ నిజమా? 4 పెద్దది కాబట్టి నిజమే అనిపిస్తుంది. కానీ సైజాఫ్ ఇచ్చేది అన్‌సైన్డ్ విలువ. దానితో పోల్చేటప్పుడు -1 కూడా అన్‌సైన్డ్‌గా మారి, 64 బిట్ మెషీన్‌లో 18446744073709551615 అవుతుంది. కండిషన్ తప్పు. ప్రశ్నలో మైనస్ గుర్తు, సైజాఫ్, స్ట్రింగ్ లెంగ్త్ ఒకే లైన్‌లో కనిపిస్తే పెన్ను ఆపి మళ్ళీ చదవండి.

స్ట్రక్చర్ (వేర్వేరు రకాల వేరియబుల్స్‌ని కలిపి కట్టిన మూట) సైజు ప్రశ్నకి గళ్ళు గీయడం తప్ప వేరే దారి లేదు. క్యార్ (ఒక బైట్), ఇంట్, క్యార్ ఇదే వరుసలో ఉంటే 6 కాదు, సాధారణంగా 12. క్యార్ 0 లో కూర్చుంటుంది. ఇంట్‌కి నాలుగుతో భాగించబడే చిరునామా కావాలి కాబట్టి 1, 2, 3 ఖాళీగా వదిలేసి 4 లో మొదలవుతుంది. రెండో క్యార్ 8 లో. మొత్తం సైజు కూడా నాలుగు గుణిజం కావాలి కాబట్టి 12. ఇంట్‌ని ముందుకి తెచ్చి రెండు క్యార్‌లని వెనక పెడితే 8 లో సరిపోతుంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు పెద్ద పెట్టెలు ముందు సర్ది, చిన్న సంచులు సందుల్లో ఇరికించినట్టే.

స్ట్రింగ్స్ దగ్గర నాకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. దీన్ని మీరు ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. "విశాఖ" అన్న మాటకి స్ట్ర్‌లెన్ (స్ట్రింగ్ పొడవు చెప్పే ఫంక్షన్) ఎంత వస్తుంది? చూడ్డానికి మూడక్షరాలు. యూటీఎఫ్-8 లో సేవ్ చేసిన ఫైల్ అయితే 15 వస్తుంది. వ, గుడి, శ, దీర్ఘం, ఖ కలిపి ఐదు కోడ్‌లు, ఒక్కోటి 3 బైట్లు. స్ట్ర్‌లెన్ లెక్కపెట్టేది బైట్లనే, అక్షరాలని కాదు. సైజాఫ్ అయితే చివరి నల్ క్యారెక్టర్ కూడా కలిపి 16. ఈ మాటని బైట్ బైట్‌గా రివర్స్ చేస్తే వచ్చేది "ఖశావి" కాదు, చదవడానికి వీల్లేని చెత్త. స్ట్రింగ్ రివర్స్ చేయమన్నప్పుడు "ఇన్‌పుట్ ఆస్కీ (ఒక్కో బైట్‌లో పట్టే ఇంగ్లిష్ అక్షరాలు) మాత్రమేనా?" అని అడగాల్సిన కారణం మన ఊరి పేరులోనే ఉంది.

డబుల్ కోట్స్‌లో రాసిన స్ట్రింగ్‌ని క్యార్ పాయింటర్‌తో పట్టుకుని మొదటి అక్షరం మార్చబోతే అదీ అన్‌డిఫైన్డే, చాలా మెషీన్లలో ప్రోగ్రామ్ అక్కడే క్రాష్ అవుతుంది. క్యార్ అరేలోకి కాపీ అయితే మార్చుకోవచ్చు.

మూడో మెట్టు: అల్గారిథమ్ ప్రశ్నని పట్టుకునే పద్ధతి

ప్రశ్న వినగానే కోడ్ రాయడం మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు. ఒక చిన్న ప్రశ్న మీద పద్ధతి చూపిస్తాను. ఆర్కే బీచ్ దగ్గర బండి మీద ఐదు ఐటమ్స్ ఉన్నాయి, ధరలు 35, 60, 25, 40, 75. సరిగ్గా 95 రూపాయలకి రెండు ఐటమ్స్ కొనాలి. ఏవి?

ముందు ప్రశ్నని మీ మాటల్లో తిరిగి చెప్పండి. తర్వాత అడగాల్సినవి అడగండి: ఒకే ఐటమ్ రెండుసార్లు తీసుకోవచ్చా? ఒకే ధర రెండు చోట్ల ఉండొచ్చా? అలాంటి జంట లేకపోతే ఏం రిటర్న్ చేయాలి? ఎన్ని ఐటమ్స్ దాకా ఉండొచ్చు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకో చెబుతాను.

అందరికీ తట్టే మొదటి దారి, ప్రతి ఐటమ్‌నీ మిగతా ప్రతిదానితో కలిపి చూడటం. ఐదింటికి 10 జంటలే. దాన్ని చెప్పడానికి సిగ్గుపడొద్దు. ఐటమ్స్ సంఖ్యని ఎన్ అనుకుని, "ఇది పనిచేస్తుంది, ఖర్చు ఎన్ స్క్వేర్" అని పైకే అనండి. సి ప్రోగ్రామ్ సెకనుకి సుమారు పది కోట్ల చిన్న పనులు చేస్తుందని ఉజ్జాయింపు లెక్క వేసుకోండి. ఐటమ్స్ లక్ష ఉంటే ఎన్ స్క్వేర్ అంటే వెయ్యి కోట్లు, అంటే వంద సెకన్లు. కుదరదు. అదే ధరల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి సార్ట్ చేయడానికి ఎన్ లాగ్ ఎన్, అంటే 17 లక్షల పనులు. రెప్పపాటులో అయిపోతుంది. అందుకే ఎన్ ఎంతో ముందే అడగమన్నాను.

సార్ట్ చేస్తే 25, 35, 40, 60, 75. ఒక వేలు ఎడమ చివర, ఒక వేలు కుడి చివర పెట్టండి. 25 + 75 = 100, ఎక్కువైంది. 75 అతి చిన్నదానితో కలిసినా ఎక్కువైందంటే ఇక ఎవరితో కలిసినా ఎక్కువే, దాన్ని వదిలేయొచ్చు. కుడి వేలు 60 మీదకి. 25 + 60 = 85, తక్కువ. 25 ఇప్పుడున్న అతి పెద్దదానితో కలిసినా చాలలేదు, దాన్నీ వదిలేయండి. 35 + 60 = 95. దొరికింది. "వేలు కదిపాను" అని కాక "ఎందుకు వదిలేయొచ్చు" అని చెప్పడమే ఇంటర్వ్యూలో మార్కులు తెచ్చేది.

ఐటమ్స్ మొదట ఉన్న స్థానాలు అడిగితే మాత్రం సార్ట్ చేయగానే అవి పోతాయి. ధరతో పాటు స్థానాన్ని కూడా స్ట్రక్చర్‌లో కట్టి సార్ట్ చేయాలి, లేదా హ్యాష్ టేబుల్ (ధర చెప్పగానే దాని స్థానాన్ని వెంటనే చూపించే పట్టిక) వాడాలి. సి లో రెడీమేడ్ హ్యాష్ టేబుల్ లేదు, మనమే రాసుకోవాలి. ఆ మాట ముందే అంటే మంచిది.

నాలుగో మెట్టు: లింక్డ్ లిస్ట్, మన రైల్వే స్టేషన్

లింక్డ్ లిస్ట్ అంటే రైలు పెట్టెల్లాంటి నోడ్స్ వరుస. ఒక్కో నోడ్‌లో కొంత డేటా, తర్వాతి నోడ్ చిరునామా (బాణం) ఉంటాయి. మొదటి నోడ్ హెడ్, చివరి బాణం నల్, అంటే ఎక్కడికీ చూపదు. హౌరా వైపు నుంచి వచ్చి విజయవాడ వైపు వెళ్ళే రైలు మన స్టేషన్‌లోకి వస్తే, ఇంజిన్ రెండో కొసకి మారుస్తారు. స్టేషన్ మెయిన్ లైన్‌కి పక్కగా ఉండటం వల్ల, వచ్చిన దిక్కుకే వెనక్కి తిరిగి వెళ్ళాలి. పెట్టెలు కదలవు, వరుస మారదు, ముందుది ఏదన్నది మాత్రం తారుమారవుతుంది. లింక్డ్ లిస్ట్ రివర్స్ చేయడమంటే అచ్చం ఇదే. నోడ్స్‌ని కదపం, డేటాని కాపీ చేయం. ఒక్కో బాణం దిశ తిప్పుతాం.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక పెట్టె బాణం వెనక్కి తిప్పగానే దాని ముందున్న పెట్టెకి దారి పోతుంది. అందుకే తిప్పే ముందు ఆ దారి ఒక చోట రాసి పెట్టుకోవాలి. మూడు పాయింటర్లు కావాల్సింది అందుకే: వెనక, ఇప్పుడు, తర్వాత.

వెనక = నల్
ఇప్పుడు = హెడ్
ఇప్పుడు నల్ కానంత వరకు:
తర్వాత = ఇప్పుడు->నెక్స్ట్
ఇప్పుడు->నెక్స్ట్ = వెనక
వెనక = ఇప్పుడు
ఇప్పుడు = తర్వాత
చివర్లో వెనక ని రిటర్న్ చేయాలి

10, 20, 30 అనే మూడు నోడ్స్‌తో గీసి చూడండి. మొదటి చుట్టు: తర్వాత 20 ని పట్టుకుంది, 10 బాణం నల్ వైపు తిరిగింది, వెనక 10 మీద, ఇప్పుడు 20 మీద. రెండో చుట్టు: తర్వాత 30, 20 బాణం 10 వైపు. మూడో చుట్టు: తర్వాత నల్, 30 బాణం 20 వైపు, వెనక 30 మీద, ఇప్పుడు నల్. లూప్ ఆగింది. కొత్త హెడ్ 30, అంటే వెనక. హెడ్‌నే రిటర్న్ చేస్తే 10 ఒక్కటే మిగులుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఖాళీ లిస్ట్ ఇస్తే? లూప్‌లోకే వెళ్ళదు, నల్ రిటర్న్ అవుతుంది, సరైనదే. ఒకే నోడ్ ఉంటే? ఒక్క చుట్టు, అదే నోడ్ తిరిగి వస్తుంది. ఈ రెండూ ఇంటర్వ్యూయర్ అడగకముందే మీరే చెప్పండి.

లిస్ట్‌లో లూప్ ఉందా అన్న ప్రశ్నకి ఫ్లాయిడ్ పద్ధతి వాడతాం. ఒకరు ఒక్కో అడుగు, ఇంకొకరు రెండేసి అడుగులు. గుండ్రటి ట్రాక్‌లో నడిచేవాళ్ళని పరిగెత్తేవాళ్ళు ఎప్పటికైనా అందుకుంటారు. ఇద్దరూ కదిలిన ప్రతిసారీ వాళ్ళ మధ్య దూరం ఒక్కటి తగ్గుతుంది కాబట్టి దాటి వెళ్ళిపోయే అవకాశం లేదు. లూప్ లేకపోతే వేగంగా వెళ్ళేవాడు నల్ చేరిపోతాడు.

ఐదో మెట్టు: సింహాచలం మెట్లు

ఒక్కోసారి ఒక మెట్టు లేదా రెండు మెట్లు ఎక్కొచ్చు. ఎన్ మెట్లు ఎక్కడానికి ఎన్ని రకాల దారులు? సింహాచలం కొండకి మెట్ల పూజ చేస్తూ వెళ్ళేవాళ్ళు ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెడతారు కాబట్టి వాళ్ళకి ఒకటే దారి. మిగతావాళ్ళకి లెక్క ఇది. చివరి అడుగు గురించి ఆలోచించండి: పై మెట్టుకి ఒక మెట్టు కింద నుంచో, రెండు మెట్ల కింద నుంచో వచ్చి ఉంటారు. కాబట్టి ఈ మెట్టు దారులు = కింది రెండు మెట్ల దారుల మొత్తం. 1, 2, 3, 5, 8... పదో మెట్టుకి 89.

దీన్ని రికర్షన్‌లో (ఫంక్షన్ తనని తానే కాల్ చేసుకునేలా) రాయడం తేలిక. కానీ 45 మెట్లకి అలాగే రాస్తే ఫంక్షన్ 226 కోట్లకు పైగా సార్లు కాల్ అవుతుంది, ఎందుకంటే లెక్కేసిన మెట్టునే మళ్ళీ మళ్ళీ లెక్కేస్తోంది. ప్రతి మెట్టు జవాబునీ దాని పక్కనే రాసుకుంటూ వెళితే 45 కూడికల లోపే అయిపోతుంది. డైనమిక్ ప్రోగ్రామింగ్ అన్న పేరు విని టెన్షన్ పడేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: ఒకసారి లెక్కేసింది రాసి పెట్టుకోండి. నిజానికి ఇక్కడ కింది రెండు విలువలు గుర్తుంటే చాలు, అరే కూడా అక్కర్లేదు.

45 మెట్లకి జవాబు 1836311903, ఇంట్‌లో పడుతుంది. 46 కి 2971215073, పట్టదు. సైన్డ్ ఇంట్ పొంగితే అదీ అన్‌డిఫైన్డ్ బిహేవియరే. "ఎన్ ఎంత దాకా?" అని అడిగి, 45 దాటితే ఇంట్ కంటే పెద్దదైన లాంగ్ లాంగ్ వాడతానని చెబితే మీకు సి తెలుసని వాళ్ళకి అర్థమవుతుంది.

సార్ట్ చేసిన అరేలో ప్రతిసారీ మధ్యది చూసి సగం వదిలేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లోనూ ఇదే సంగతి. మధ్య స్థానం కోసం రెండు కొసలూ కూడి రెండుతో భాగిస్తే, అరే చాలా పెద్దదైనప్పుడు కూడిక పొంగిపోతుంది. జావా లైబ్రరీలోనే ఈ తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు ఎవరి కంటా పడలేదు, 2006 లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే దాని గురించి రాశారు. కింది కొస + (పై కొస - కింది కొస) / 2 అని రాస్తే ఇబ్బంది ఉండదు.

రోజూ ఎలా చేయాలి

రోజుకి రెండు ప్రశ్నలు చాలు. ఒకటి సి పజిల్, ఒకటి అల్గారిథమ్. ముందు కాగితం, తర్వాతే లాప్‌టాప్. ముప్పై నిమిషాలు గడిచినా దారి దొరక్కపోతే సొల్యూషన్ చూడండి, కానీ చూసి మూసేసి, మర్నాడు ఖాళీ కాగితం మీద మళ్ళీ రాయండి. రాయలేకపోతే అది ఇంకా మీది కాలేదు. కంపైల్ చేసేటప్పుడు జీసీసీలో అన్ని వార్నింగులూ ఆన్ చేయండి, అడ్రస్ శానిటైజర్ కూడా పెట్టండి. అరే హద్దు దాటినా, ఫ్రీ చేసిన మెమరీ ముట్టుకున్నా అది పట్టేసి ఏ లైన్‌లోనో చూపిస్తుంది. మాలాక్ (మెమరీ అడిగి తెచ్చుకునే ఫంక్షన్) రాసిన ప్రతి చోటా, నల్ వస్తే ఏంటి, ఫ్రీ చేసేది ఎవరు అన్న రెండూ పక్కన కామెంట్‌గా రాసే అలవాటు చేసుకోండి.

గదిలో ఒంటరిగా చదివితే నిద్ర వచ్చేవాళ్ళు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి, అక్కడ పోటీ పరీక్షలకి చదివేవాళ్ళని చూస్తే కూర్చోబుద్ధవుతుంది. కానీ వారానికి రెండు రోజులైనా ఒక స్నేహితుడితో కలిసి కూర్చోవాలి. ఒకరు అడగాలి, ఇంకొకరు పైకి మాట్లాడుతూ రాయాలి. మధ్యలో "ఎందుకు?" అని కనీసం మూడుసార్లు అడగాలి.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీకు లాజిక్ రాకపోవడం కాదు, దాన్ని ఇంగ్లిష్‌లో వెతుక్కుంటూ చెప్పబోయి ఆగిపోతున్నారు. ముందు తెలుగులోనే పూర్తిగా వివరించండి. తర్వాత అదే విషయాన్ని నాలుగు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పండి. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. నాకు తెలిసి ఒక చెల్లెలు, గాజువాక నుంచి వచ్చేది, నెల రోజులు ఇలాగే చేసింది. మొదటి వారం పాయింటర్ గురించి ఒక్క ముక్క ఇంగ్లిష్‌లో రాలేదు. నెలాఖరుకి బోర్డు ముందు నిలబడి గళ్ళు గీస్తూ, తడబడుతూనే, లిస్ట్ రివర్స్ మొత్తం వివరించింది.

ఇంటర్వ్యూ రోజు త్వరగా బయల్దేరండి. గాజువాక వైపు నుంచి మధురవాడ, రుషికొండ వెళ్ళాలంటే ఎన్ఏడీ దగ్గరా, హనుమంతవాక దగ్గరా ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం. రెండు పెన్నులు, కొన్ని తెల్లకాగితాలు పట్టుకెళ్ళండి. వాళ్ళు కాగితం ఇవ్వకపోయినా "గీసి చూపించవచ్చా?" అని అడగండి. నేను చూసినంతలో ఎవరూ వద్దనలేదు. తెలియని ప్రశ్న వస్తే "తెలియదు" అని ఆగిపోకుండా "చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను" అని మూడు గళ్ళు గీయండి. హింట్ ఇస్తే తీసుకోండి, ఆ హింట్‌తో ఏం మారిందో పైకి చెప్పండి.

ఇంటికి రాగానే, ఉద్యోగం వచ్చినా రాకపోయినా, అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంత మేర ఆ రాత్రే నోట్సులో రాసుకోండి. తడబడిన ప్రశ్న పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ తెరవకముందు దాని గళ్ళు మళ్ళీ గీయండి.